పాత దారి, పాత కూలి: ఒక ఆఫ్రికా కథ, మన మాలపల్లి

ఈ ఎపిసోడ్‌లో రెండు పుస్తకాల గురించి మాట్లాడుకుందాం. ఒకటి నైజీరియా కథ. చాలా చిన్నది, బస్సులో గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్ళేలోపు చదివేయొచ్చు. రెండోది మన గుంటూరు జిల్లా మనిషి జైల్లో కూర్చుని రాసిన నవల. అది మాత్రం పెద్దది, ఓపిక కావాలి.

ఈ రెండిటినీ పక్కపక్కన ఎందుకు పెడుతున్నానంటే, మనందరి ఇళ్ళల్లో ఒక గొడవ ఉంటుంది. పెద్దవాళ్ళు "మీ జనరేషన్‌కి సంప్రదాయం తెలీదు" అంటారు. మనం "మీరింకా పాతకాలంలోనే ఉన్నారు" అంటాం. పండక్కి ఊరెళ్తే గ్యారంటీగా ఒకసారి ఈ డిస్కషన్ జరుగుతుంది. అందరూ దీన్ని పాతకీ కొత్తకీ మధ్య గొడవ అనుకుంటారు. నాకు ఈ రెండు పుస్తకాలు చదివాక అలా అనిపించట్లేదు. పాతలో ఏది ఉంచాలి, కొత్తలో ఏది తెచ్చుకోవాలి అని సెలెక్ట్ చేసే పవర్ ఎవరి చేతిలో ఉంది? గొడవంతా అక్కడుంది. ఎలాగో చూద్దాం.

హెడ్‌మాస్టరు మూసేసిన దారి

కథ పేరు "డెడ్ మెన్స్ పాత్". అంటే చచ్చిపోయినవాళ్ళు నడిచే దారి. రాసింది చినువా అచెబే. 1953లో, ఇబాదాన్‌లో చదువుకునే రోజుల్లోనే అచ్చయింది. తర్వాత 1972లో వచ్చిన "గర్ల్స్ ఎట్ వార్" కథల పుస్తకంలో చేర్చారు. అచెబే నాన్న క్రైస్తవ మిషన్ తరఫున పాఠాలు చెప్పిన మనిషి. చుట్టూ ఉన్న ఇగ్బో ఊళ్ళలో మాత్రం పాత దేవతలు, పాత ఆచారాలు ఇంకా బతికే ఉన్నాయి. అంటే రెండు వైపులా దగ్గర్నుంచి చూసినవాడు రాసిన కథ ఇది.

కథ మొత్తం చెప్పేస్తున్నా, స్పాయిలర్ అని తిట్టుకోకండి. 1949 జనవరి. మైఖేల్ ఓబీ అనే కుర్రాడికి ఒక పల్లెటూరి స్కూల్లో హెడ్‌మాస్టర్ పోస్టు వస్తుంది. ఆ స్కూలు బాగా వెనకబడిందని మిషన్ వాళ్ళ ఫీలింగ్. అందుకే హుషారున్న మనిషిని పంపారు. ఓబీకి రెండు టార్గెట్లు: చదువు బాగా చెప్పించాలి, స్కూలు ఆవరణని అందంగా మార్చాలి. భార్య నాన్సీకి కూడా అదే ఉత్సాహం. పూలమొక్కలు, కంచె మొక్కలు పెట్టి తోట వేస్తారు.

ఒకరోజు సాయంత్రం ఒక ముసలావిడ ఆ పూలమడి మీదుగా నడిచి వెళ్ళడం ఓబీ చూస్తాడు. ఏంటని అడిగితే, స్కూలు మధ్యలోంచి పాత కాలిబాట ఒకటి ఉందని తెలుస్తుంది. ఊరి గుడికీ శ్మశానానికీ మధ్య దారి అది. ఇప్పుడు దాని మీద పెద్దగా ఎవరూ నడవరు. కానీ ఇదివరకు దాన్ని మూసేయబోతే పెద్ద గొడవైందని అక్కడి టీచరు చెప్తాడు. ఓబీ టెన్షన్ వేరు. వచ్చే వారం ఇన్‌స్పెక్షన్‌కి ఆఫీసర్ వస్తున్నాడు. ఆయన చూస్తే ఏమనుకుంటాడు? వెంటనే దారికి అడ్డంగా కర్రలు పాతించి ముళ్ళతీగ చుట్టిస్తాడు.

మూడు రోజులకి ఊరి పూజారి వస్తాడు. చేతికర్ర పట్టుకున్న ముసలాయన. మా చచ్చిపోయినవాళ్ళు వెళ్ళేది, మా పూర్వీకులు వచ్చిపోయేది, అన్నిటికంటే ముఖ్యంగా పుట్టబోయే పిల్లలు ఊళ్ళోకి వచ్చేది ఈ దారినే అని వివరంగా చెప్తాడు. ఓబీ నవ్వుతాడు. ఇలాంటి నమ్మకాలు పోగొట్టడానికే మా స్కూలు ఉంది అంటాడు. నువ్వన్నది నిజమే కావచ్చు, అయినా నీదీ ఉండనీ, మాదీ ఉండనీ అని పూజారి బతిమాలతాడు. ఓబీ ఒప్పుకోడు. కావాలంటే స్కూలు పక్కనుంచి కొత్త దారి వేసుకోండి, మా పిల్లలు సాయం చేస్తారు, మీ పూర్వీకులకి ఆ కాస్త చుట్టు తిరగడం కష్టమేం కాదులే అంటాడు. ఆ వెటకారంతో మాటలు ఆగిపోతాయి.

రెండు రోజుల తర్వాత ఊళ్ళో ఒక ఆడమనిషి పురిట్లో చనిపోతుంది. కంచె వల్ల పూర్వీకులకి అవమానం జరిగిందని ఊరు నమ్ముతుంది. తెల్లారేసరికి కంచె మొక్కలు పీకేసి ఉంటాయి, పూలు తొక్కేసి ఉంటాయి, స్కూలు బిల్డింగుల్లో ఒకటి కూలగొట్టి ఉంటుంది. సరిగ్గా ఆ రోజే తెల్లదొర సూపర్‌వైజర్ వస్తాడు. ఊరికీ స్కూలుకీ యుద్ధం లాంటి పరిస్థితి వచ్చిందని, దానికి కొంత కారణం ఈ కొత్త హెడ్‌మాస్టరు అతి ఉత్సాహమేనని రిపోర్టు రాసి వెళ్తాడు. కథ అక్కడితో అయిపోతుంది.

సాధారణంగా దీనికి చెప్పే మెసేజ్, "పాతని గౌరవించాలి, కొత్తని తొందరపడి రుద్దకూడదు" అని. తప్పేం కాదు. కానీ రెండు విషయాలు గమనించండి. మొదటిది, ఓబీ ఎవరి కోసం దారి మూశాడు? పిల్లల చదువుకి ఆ దారి అడ్డం రాలేదు. పైఅధికారి కళ్ళకి బాగుండాలని మూశాడు. చివరికి ఆ పైవాళ్ళే అతనికి నెగటివ్ రిపోర్టు ఇచ్చారు. కార్పొరేట్ ఆఫీసులో కొన్నేళ్ళు పనిచేసినవాడిగా నాకు ఆ ఫీలింగ్ బాగా తెలుసు!

రెండోది, పురిట్లో చనిపోయిన ఆమె. ఆమె చావుకి స్కూలు దగ్గర జవాబు లేదు, ఊరి దగ్గర ఉన్న జవాబు బలులు. తోట గురించీ దారి గురించీ మగాళ్ళిద్దరు వాదించుకున్నారు, పోయింది మాత్రం ఆ వాదనలో ఒక్క మాట కూడా లేని మనిషి. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

మన ఊళ్ళకి వద్దాం

ఇప్పుడు అచెబే కథ కంటే ముప్పై ఏళ్ళు వెనక్కి, మన గడ్డ మీదకి రండి. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు 1877లో సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడులో పుట్టారు. ఐర్లండులోని డబ్లిన్‌లో బారిస్టరు చదివారు. సహాయ నిరాకరణ ఉద్యమం రోజుల్లో జైలుకెళ్ళి, వేలూరు జైల్లో "మాలపల్లి" నవల రాశారు. 1922లో అచ్చయింది. అదే ఏడాది భార్య లక్ష్మీబాయమ్మ గారితో కలిసి గుంటూరులో ఆడపిల్లల చదువు కోసం శారదానికేతనం పెట్టారు. నవలని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. తర్వాత కొన్ని భాగాలు తీసేసి రానిచ్చారు, 1936లో మళ్ళీ నిషేధించారు, 1937లో కాంగ్రెస్ మంత్రివర్గం వచ్చాక ఆ నిషేధం పోయింది.

కథ జరిగేది మంగళాపురం అనే ఊళ్ళో. రామదాసు దళితుడు, గొప్ప భక్తుడు, నెమ్మదస్తుడు. ఆయన కొడుకు సంగదాసు ఊరి ఆసామి చౌదరయ్య దగ్గర పనిచేస్తాడు. చౌదరయ్య కొడుకు రామానాయుడికి సంగదాసంటే ప్రాణం. ఇద్దరూ కులం పక్కన పెట్టి స్నేహం చేస్తారు.

నవల్లో నన్ను బాగా ఆపేసింది కూలి గొడవ. పాత పద్ధతిలో కూలి అంటే ధాన్యం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పని చేస్తే కొలిచి ధాన్యం ఇస్తారు. మొదటి ప్రపంచ యుద్ధం రోజులు, ధాన్యం ధర పెరిగింది. అప్పుడు ఆసాములకి ఒక "మోడర్న్" ఐడియా వచ్చింది: ధాన్యం ఎందుకు, డబ్బులిద్దాం.

వినడానికి బానే ఉంది కదా? డబ్బంటే స్వేచ్ఛ, ఏది కావాలంటే అది కొనుక్కోవచ్చు. కానీ లెక్క చూడండి. అర్థం కావడానికి ఈ కాలం అంకెలతో చెప్తాను. రోజు కూలి 4 కిలోల ధాన్యం అనుకుందాం. కిలో 20 రూపాయలున్నప్పుడు దాని విలువ 80. "ఇక నుంచి 80 రూపాయలిస్తాం" అని ఫిక్స్ చేశారు. ధర కిలో 40కి వెళ్ళింది. ఇప్పుడు ఆ 80తో వచ్చేది 2 కిలోలే. కూలి పైసా తగ్గలేదు, కంచంలో అన్నం మాత్రం సగమైంది. పెరిగిన ధర లాభం మొత్తం ఆసామి గాదెలో ఉండిపోయింది. మా భాషలో చెప్పాలంటే, వేరియబుల్‌ని తీసుకొచ్చి కాన్‌స్టంట్ చేసేశారు.

అందుకే సంగదాసు కూలీలని కూడగట్టి, పాత పద్ధతిలోనే ధాన్యం కావాలని నిలబడతాడు. చూశారా ట్విస్టు! ఇక్కడ "పాత పద్ధతి ఉండాలి" అంటున్నది చదువుకున్న కుర్రాడు, సంఘం పెట్టే కుర్రాడు. "కొత్త పద్ధతి తెద్దాం" అంటున్నది ఊరి పెద్ద ఆసామి.

మరి చౌదరయ్య మోడర్న్ మనిషా? కూలి విషయంలో కొత్త కావాలి. కానీ తన కొడుకు దళితుడితో సమానంగా కూర్చుంటే, అక్కడ మాత్రం సంప్రదాయం గుర్తొస్తుంది. కూలీలు సంఘం పెడితే, అది కొత్త పోకడ, పనికిరాదు. ఆయనకి పాతా కొత్తా రెండూ కావాలి, తనకి పనికొచ్చినంత మేరకే. చివరికి చౌదరయ్య కోపంతో కొట్టిన దెబ్బకి సంగదాసు చనిపోతాడు. సంగదాసు అన్న వెంకటదాసు, తక్కెళ్ళ జగ్గడు అనే పేరుతో ఉన్నవాళ్ళని దోచి లేనివాళ్ళకి పంచే దారి పడతాడు. ఏ తప్పూ చేయని రామదాసు కుటుంబాన్ని నేరస్తుల సెటిల్‌మెంటుకి పంపిస్తారు.

ఆ సెటిల్‌మెంటు కూడా "మోడర్న్" వస్తువే. మనుషుల్ని బాగుచేస్తామని ప్రభుత్వం తెచ్చిన ఏర్పాటు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం పేరు వినే ఉంటారు, అది కూడా బ్రిటిష్ కాలంలో అలాంటి సెటిల్‌మెంటుగానే మొదలైంది. దాని వెనకున్న నేరస్త తెగల చట్టం 1871 నాటిది, 1952లో రద్దయింది. పుట్టుకతోనే కొంతమంది దొంగలు అని ఆ చట్టం లెక్క. కులం చెప్పే పాత మాటనే ఇంగ్లీషులో టైపు చేసి స్టాంపు వేశారన్నమాట.

ఇంకో వైపు రామదాసుని చూడండి. ఆయన పూర్తిగా పాత మనిషి. భక్తి, తత్త్వాలు, వైరాగ్యం. కానీ ఆ పాతలోంచే ఆయన మనుషులంతా ఒకటే అనే మాట తీసుకున్నాడు. అంటే సంప్రదాయం చౌదరయ్య సొంత ఆస్తి కాదు. అందులోంచి రామదాసు తీసుకున్నది వేరు, చౌదరయ్య తీసుకున్నది వేరు.

టికెట్ ఒకటే, సీటు ఒకటే

ఇదంతా వందేళ్ళ కిందటి కథ, ఇప్పుడెందుకు అంటారా? పుస్తకంలోంచి బయటికొద్దాం. 1985 జులై 17, అప్పటి ప్రకాశం జిల్లాలోని కారంచేడు. మంచినీళ్ళ చెరువు దగ్గర గేదెని కడిగిన విషయంలో మాట పెరిగింది. దాడిలో ఆరుగురు దళితులు చనిపోయారు. 1991 ఆగస్టు 6, అప్పటి గుంటూరు జిల్లాలోని చుండూరు. అక్కడ ముందు గొడవ సినిమా హాల్లో కాలు తగిలిన దగ్గర మొదలైంది. ఎనిమిది మంది దళితులని చంపేశారు.

సినిమా హాలు గురించి ఆలోచించండి. మన పల్లెల్లో అంతకంటే మోడర్న్ ప్లేస్ ఏముంది? టికెట్ కొన్నవాడికి సీటు. నీ కులం ఏంటని కౌంటర్లో అడగరు. చదువుకున్న దళిత కుర్రాళ్ళు ఆ రూల్‌ని నిజమని నమ్మి కూర్చున్నారు. పక్కనున్నవాళ్ళు హాల్లోకి కొత్త మనుషుల్లాగే టికెట్ కొనుక్కుని వచ్చారు, కాలు తగిలేసరికి పాత రూల్ బయటికి తీశారు. ఆ రెండు ఊళ్ళూ కరువు ఊళ్ళు కాదు. కాలవ నీళ్ళు, ట్రాక్టర్లు, కాలేజీ చదువులు అన్నీ వచ్చిన ఊళ్ళు. ట్రాక్టర్ వస్తే మనసు దానంతటదే మారిపోదని మన జిల్లాలే చూపించాయి.

మిర్చి చేల్లో ఇదే లెక్క

ఇప్పుడు మనందరికీ తెలిసిన విషయం, కౌలు. మా వైపు పత్తి, మిర్చి వేసేవాళ్ళలో చాలామందికి సొంత పొలం లేదు, ఉన్నా ఎకరమో అరెకరమో. మిగతాది కౌలుకే. మా బాబాయ్ కూడా అంతే.

పాతకాలంలో చాలా చోట్ల పంటలో వాటా ఉండేది. పండితే ఇద్దరికీ, ఎండితే ఇద్దరికీ. ఇప్పుడు మిర్చి పొలానికి డబ్బు కౌలు, అదీ చాలాచోట్ల ముందుగానే కట్టాలి. ఇది కొత్త పద్ధతి. తామర పురుగు వచ్చి పూత మొత్తం మాడిపోయినా, వాన పడి కల్లంలో కాయ తడిసి తాలైపోయినా, యార్డులో టిక్కీ రేటు పడిపోయినా కౌలు డబ్బు మారదు. మాలపల్లిలో కూలిని ఫిక్స్ చేసినట్టే ఇక్కడ కౌలుని ఫిక్స్ చేశారు. రెండు చోట్లా రిస్కు కింద ఉన్నవాడి మీదకే జారింది.

సరే, కొత్త పద్ధతే అయితే కాగితం కూడా రాసుకుందాం అని మా బాబాయ్ ఒకసారి అడిగాడు. వెంటనే వచ్చిన జవాబు: "మీ నాన్న మా నాన్న దగ్గర చేసిన రోజుల్నుంచీ మాట మీదే కదరా నడుస్తోంది, ఇప్పుడు నమ్మకం లేదా?" డబ్బులు తీసుకునేటప్పుడు మోడర్న్, సంతకం పెట్టేటప్పుడు సంప్రదాయం.

ఇది చిన్న విషయం కాదు. కాగితం లేకపోతే బ్యాంకులో పంట రుణం కష్టం. పంట పోతే వచ్చే పరిహారం చాలాసార్లు భూమి ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళకే వెళ్తుంది. 2019లో ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చి కౌలు రైతులకి పదకొండు నెలల కార్డు ఇస్తామన్నారు. కానీ ఆ చట్టం ప్రకారం కార్డు రావాలంటే భూమి యజమాని సంతకం కావాలి. అంటే మళ్ళీ గేటు తాళం ఆయన చేతిలోనే. సంతకం దొరకనివాళ్ళు వడ్డీ వ్యాపారి దగ్గరికో, మందుల కొట్టు అప్పుకో వెళ్తారు. పంట పోయిన ఏడాది ఆ అప్పు ఎక్కడిదాకా తీసుకెళ్తుందో పత్తి, మిర్చి ఊళ్ళలో పెరిగిన మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

భూమి ఉన్నవాళ్ళందరూ చౌదరయ్యలే అని నేననట్లేదు. రెండెకరాలు కౌలుకిచ్చి ఆ డబ్బుతో మందులు కొనుక్కునే ఒంటరి ముసలమ్మలు ఉన్నారు. సంతకం పెడితే పొలం చేతిలోంచి పోతుందేమోనన్న భయం వాళ్ళకి నిజమైన భయమే. అచెబే కథలో ఓబీ కూడా దుర్మార్గుడు కాదు, పక్కదారి వేసిస్తానన్నాడుగా. కానీ ఆ మాట ఎదుటి మనిషితో కూర్చుని అనుకున్నది కాదు, ముందు కంచె వేసేసి తర్వాత పడేసినది. ఆ ముసలమ్మ భయం, మా బాబాయ్ అప్పు రెండూ ఒకే బల్ల మీద పెట్టి మాట్లాడితే కాగితానికి దారి దొరుకుతుంది. "నమ్మకం లేదా" అనే మాట ఆ బల్లనే లాగేస్తుంది.

మన ఇంట్లో చెక్ చేసుకుందాం

ఇళ్ళల్లో కూడా అదే ప్యాటర్న్. అమ్మాయి బీటెక్ చదవొచ్చు, హైదరాబాద్‌లో ఉద్యోగం చేయొచ్చు, జీతం ఇంటికి పంపొచ్చు. అదంతా కొత్త కాలం, అందరికీ ఓకే. పెళ్ళి తనకి నచ్చినవాడితో అనగానే "మన సంప్రదాయం" లేస్తుంది. పెళ్ళిచూపులు యాప్‌లో, కులం ఫిల్టర్ కూడా యాప్‌లో, కట్నం మాత్రం తాతల కాలంనాటి మర్యాద.

అబ్బాయిలూ, మనం కూడా తక్కువేం కాదు. నాన్న మన కెరీర్‌లో వేలు పెడితే "జనరేషన్ మారింది" అంటాం. అక్కకి ఆస్తిలో వాటా అనగానే "ఆడపిల్లకి పెళ్ళి చేసి పంపాం కదా" అనే పాత మాట మన నోట్లోంచే వస్తుంది. 1986 నుంచే ఆంధ్రప్రదేశ్‌లో, 2005 నుంచి దేశమంతా హిందూ వారసత్వ చట్టంలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఉంది. చట్టం పాతబడిపోయింది కానీ చాలా ఇళ్ళల్లో ఇంకా కొత్త విషయంలాగే వింటారు.

అందుకని ఈసారి ఎవరైనా "ఇది మన సంప్రదాయం" అన్నా, "కాలం మారింది బ్రో" అన్నా, వెంటనే సైడ్ తీసుకోకండి. రెండు ప్రశ్నలు వేయండి. ఈ పాతనో కొత్తనో ఎంచుకున్నది ఎవరు? దాని ఖర్చు ఎవరి మీద పడుతోంది? ఎంచుకున్నవాడూ భరించేవాడూ ఒకరే అయితే అది వాళ్ళిష్టం. ఎంచుకునేది ఒకరు, భరించేది ఇంకొకరు అయితే మాత్రం అక్కడ ఆగి మాట్లాడాలి. అచెబే కథలో ఆ పురిటి తల్లిని ఎవరూ అడగలేదు. మంగళాపురంలో ధాన్యం తినేవాళ్ళని అడగలేదు. మన ఊళ్ళో కౌలు రైతునీ, ఇంట్లో అక్కనీ అడుగుతున్నామా అన్నదే నా క్వశ్చన్.

అచెబే కథ ఇవాళే చదివేయండి, అరగంట పని. మాలపల్లికి టైం పడుతుంది. భాష వందేళ్ళ నాటిదే అయినా మన గుంటూరు మాటలు బోలెడు ఉంటాయి. మొదటి యాభై పేజీలు దాటితే తర్వాత అదే లాక్కెళ్తుంది. మీ ఇంట్లో కౌలు చేసేవాళ్ళుంటే, కాగితం గురించి వాళ్ళ అనుభవం ఏంటో అడిగి నాకు రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.